మీరు తినే తిండి షుగర్‌ని ఎంత పెంచుతోందో ఇంట్లోనే చూసుకోవడం ఎలా?

అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నా, నడుము చుట్టుకొలత పెరుగుతున్నా, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పు తర్వాత తగ్గినా, రోజంతా కూర్చునే ఉద్యోగమైనా మీకు ముప్పు ఎక్కువే. అలాంటివాళ్లు చాలామంది గ్లూకోమీటర్ కొంటారు. వారానికోసారి పరగడుపున ఒక్క చుక్క చూసుకుని, అంకె బాగుందని సంతోషపడి పక్కన పెట్టేస్తారు. తిండి సంగతి తెలియాలంటే తినే ముందూ చూడాలి, తిన్న తర్వాతా చూడాలి.

కావలసినవి: మీటర్, దానికి సరిపోయే స్ట్రిప్‌లు, సూదులు, నోటుపుస్తకం. యాప్ వద్దు, పుస్తకమే. యాప్‌లో అంకె ఎక్కించి మర్చిపోతారు. పుస్తకంలో అయితే పై వరుస కూడా కళ్లబడుతుంది. గడువు దాటిన స్ట్రిప్‌లు పారేయండి. డబ్బా మూత వెంటనే పెట్టేయండి, తేమ తగిలితే స్ట్రిప్ పాడవుతుంది.

తినబోయే ముందు ఒకసారి చూసి రాసుకోండి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న సమయం కూడా రాయండి. మళ్లీ చూసుకోవాల్సింది రెండు గంటలకు, ఆ రెండు గంటలు లెక్కపెట్టాల్సింది అక్కడి నుంచే. చేయి కడుక్కున్నప్పటి నుంచి లెక్కపెట్టేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

అందరూ చెడగొట్టేది వేలి దగ్గర. చేతులు సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో కడగండి. "ఇందాకే కడుక్కున్నాను" అంటే కుదరదు. మీటర్ పీల్చుకునే రక్తం ఒక మైక్రోలీటరుకు మించదు. పండు ఒలిచిన వేలికి కంటికి కనిపించనంత రసం అంటుకుని ఉన్నా, 110 ఉండాల్సిన చోట 200 దాటి చూపించగలదు. ఆ అంకె చూసి రాత్రంతా నిద్రపోనివాళ్లున్నారు. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. స్పిరిట్ క్రిముల్ని చంపుతుంది, వేలికి అంటిన చక్కెరను పూర్తిగా వదిలించదు. పైగా అది ఆరకముందే గుచ్చితే మంట.

కడిగాక పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. గోరు పక్కన నీటి తడి మిగిలితే రక్తం పలచబడి రీడింగ్ తగ్గుతుంది. ఎడమ చేతి ఉంగరం వేలు తీసుకోండి, కొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. రక్తం రాకపోతే వేలి చివరను నలిపి పిండకండి, కణాల మధ్య ఉండే ద్రవం కూడా వచ్చి రక్తంలో కలుస్తుంది. చేయి కాసేపు కిందికి వేలాడదీసి, అరచేతి నుంచి వేలి వైపు మెల్లగా నిమరండి. చుక్క గుండ్రంగా నిలిచాక స్ట్రిప్ అంచు తాకించండి, అదే పీల్చుకుంటుంది. చాలలేదని రెండో చుక్క అద్దకండి. కొత్త స్ట్రిప్ తీయండి. కడుక్కోవడానికి నీళ్లే దొరక్కపోతే మాత్రం మొదటి చుక్క తుడిచేసి రెండోది వాడండి.

రెండు గంటలకు మళ్లీ ఇదే తంతు. మర్నాడు అదే భోజనంలో పిండిపదార్థం సగానికి తగ్గించి, ఆ చోటు కూరగాయలతో నింపి మళ్లీ చూడండి. ఆ పై రోజు మామూలుగానే తిని ఓ పావుగంట నడవండి. ఒక్కసారికి ఒక్క మార్పే. అన్నీ కలిపి మార్చేస్తే దేనివల్ల తగ్గిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. ఇప్పటికే షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా తిండి తగ్గించకండి, షుగర్ పడిపోవచ్చు.

142, 148 మధ్య తేడా చూసి కంగారు పడకండి. అసలు 150 ఉంటే 128 నుంచి 172 దాకా చూపించినా మీటర్ ప్రమాణాలకు లోబడి ఉన్నట్టే. 190 వచ్చే భోజనం 140కి దిగితే అది నిజమైన తేడా.

షుగర్ ఉందో లేదో తేల్చేది ల్యాబ్ పరీక్షే. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఇచ్చిన రక్తంలో 100 లోపు మామూలు, 100 నుంచి 125 హద్దు మీద ఉన్నట్టు, 126 ఆపైన వస్తే మరో రోజు మళ్లీ చేయించి నిర్ధారిస్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పుస్తకం తీసుకెళ్లండి, ప్రతి అంకె పక్కనా ఏం తిన్నారో రాసి ఉండాలి.