ఒకే పార్టీలో ఇద్దరుంటే ఎలా వాదించాలి – 4వ పాఠం: గెలుపు గుర్రం గొడవ

ఈసారి డిబేట్ చూస్తూ నోట్స్ రాసుకోవడం ఎలాగో చెప్దామనుకున్నా. కానీ పోయిన పాఠం పనికి మీరు పంపిన జవాబులు చదివాక దాన్ని పక్కన పెట్టేశా. 2008 డెమోక్రటిక్ ప్రైమరీలో (అమెరికా అధ్యక్ష ఎన్నికకి పార్టీ టికెట్ ఎవరికో తేల్చే ఓటింగ్‌లో) ఒబామా, హిల్లరీల్లో ఒకరి తరఫున పేజీ రాయమంటే దాదాపు అందరూ ఒకటే రాశారు, "నవంబర్‌లో (అంటే అవతలి పార్టీతో జరిగే అసలు ఎన్నికలో) ఈయనైతేనే గెలుస్తాడు", లేదంటే "ఈవిడైతేనే గెలుస్తుంది". అది అభ్యర్థి గురించి వాదన కాదండీ, జనం గురించి జోస్యం.

ఈ అలవాటు ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసు. మన దగ్గర టికెట్ ఇచ్చేది అధిష్ఠానం, సర్వేలు చేయించి గెలుపు గుర్రాలకే బీఫాం అంటారు, పేపర్లో ఏళ్ల తరబడి మనం చదివేదీ అదే. అమెరికాలో టికెట్ తేల్చేది ప్రధానంగా ఓటర్లే (సూపర్ డెలిగేట్ల, అంటే తమకి నచ్చినవాళ్ళకి ఓటేయగలిగే పార్టీ పెద్దల సంగతి 2వ పాఠంలో ఉంది, మళ్ళీ చెప్పను). ఆ ఓటరు కూడా "పక్కవాడు ఎవరికేస్తాడో" అని లెక్కేసుకుని ఓటేస్తే, పక్కవాడూ ఇదే లెక్కలో ఉంటే, ఇద్దర్లో ఎవరు మెరుగు అన్న ప్రశ్న ఇక అడిగేవాడే ఉండడు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

పోనీ ఆ జోస్యమైనా నిలబడుతుందా? హిల్లరీ మార్చి 4న ఒహాయో, ఏప్రిల్ 22న పెన్సిల్వేనియా గెలిచింది. పెద్ద రాష్ట్రాలు మావే, నవంబర్‌లో ఒబామా వల్ల కాదు అని ఆవిడ వర్గం గట్టిగా వాదించింది. నవంబర్‌లో ఆ రెండూ ఒబామాకే వచ్చాయి. కాలిఫోర్నియా ప్రైమరీ కూడా హిల్లరీదే, అయినా నవంబర్‌లో అక్కడ ఒబామాకి ఇబ్బందే లేదు. ఇంకోవైపు చూడండి, ఐడహో కాకస్‌లో (ప్రైమరీ బదులు పార్టీవాళ్ళు సమావేశమై తేల్చుకునేది) ఒబామా ఊడ్చేశాడు, నవంబర్‌లో అది రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్‌కి పోయింది. న్యూహాంప్‌షైర్ అయితే మరీనూ, అయోవాలో ఒబామా గెలిచాక దాదాపు సర్వేలన్నీ ఆయన వైపే చూపిస్తుంటే జనవరి 8న హిల్లరీ గెలిచింది. అయోవాకీ దానికీ మధ్య ఐదు రోజులే! ప్రైమరీలో మీ అభ్యర్థికి వెయ్యనివాడు నవంబర్‌లో మీ పార్టీకి వెయ్యడని ఏం లేదు, ఒక రాష్ట్రం ప్రైమరీ గెలిస్తే నవంబర్‌లో ఆ రాష్ట్రం వస్తుందనీ లేదు. ఈ రెండూ ఎర్ర ఇంకుతో రాసుకోండి.

మరి ఏం రాయాలి? నేనైతే ఒక విధానం, ఒక పాత రికార్డు తీసుకుంటా, అంతే. ఐదారు పాయింట్లు పెడితే అవతలివాళ్ళు బలహీనమైనది ఏరుకుని దాన్నే కొడతారు.

విధానం కావాలంటే ఆరోగ్య బీమా తీసుకోండి. పెద్దలూ పిల్లలూ ప్రతి ఒక్కరూ బీమా తీసుకోవాల్సిందే అని హిల్లరీ, పిల్లలకి మాత్రమే తప్పనిసరి అని ఒబామా. మిగతా ప్లాన్ చాలావరకు ఒకేలా ఉంటుంది, అందుకే ఇది మంచి ఉదాహరణ. హిల్లరీ తరఫున అయితే ఇలా: "ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు జబ్బు చేసేదాకా ఆగితే మిగతావాళ్ళకి ప్రీమియం పెరుగుతుంది, కోటిన్నర మంది బయటే మిగిలిపోతారు." ఆ అంకె హిల్లరీ చెప్పినది, కాబట్టి "హిల్లరీ లెక్క ప్రకారం" అని రాయాలి. ఒబామా తరఫున: "జనం బీమా కొననిది ఇష్టం లేక కాదు, డబ్బుల్లేక. ముందు ధర దించకుండా జరిమానా వేస్తే పేదవాడి మీదే పడుతుంది." చూశారా, ఒక్కచోట కూడా గెలుపు మాట రాలేదు. 2010లో ఒబామా సంతకం పెట్టిన చట్టంలో ఆ తప్పనిసరి నిబంధనే వచ్చింది, కాబట్టి ఆయన అభిమానులు హిల్లరీ వాదన ఇంకోసారి నిదానంగా చదవాలి.

రికార్డు అంటే ఇరాక్. 2002 అక్టోబర్‌లో హిల్లరీ సెనేట్‌లో యుద్ధానికి అనుమతిస్తూ ఓటేసింది, అదే నెల ఒబామా షికాగోలో వ్యతిరేకంగా మాట్లాడాడు. కానీ అప్పుడాయన ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటర్, ఆ ఓటు ఆయన చేతిలో లేదు. ఓటునీ ఉపన్యాసాన్నీ పక్కపక్కన పెడుతున్నామని మీరే ముందు ఒప్పుకుని, అయినా ఆ ఉపన్యాసం ఎందుకు లెక్కలోకి వస్తుందో చెప్పండి. అవతలివాళ్ళ నోట రాకముందే మీరే చెప్పేస్తే వాదన గట్టిపడుతుంది.

ఇక పని. 2020 డెమోక్రటిక్ ప్రైమరీ, బైడెన్, శాండర్స్. ఇరాక్ మీద ఈసారి ఓటుకి ఓటే ఉంది, 2002లో సెనేట్‌లో బైడెన్ అవునన్నాడు, ప్రతినిధుల సభలో శాండర్స్ వద్దన్నాడు. బీమాలో శాండర్స్‌ది అందరికీ ఒకే ప్రభుత్వ బీమా, బైడెన్‌ది ఉన్న చట్టానికి తోడు ప్రభుత్వ బీమా కూడా ఒకటి పెట్టడం. మీకు నచ్చని ఆయన తరఫున రెండు పేజీలు రాయండి. ఫిబ్రవరి 29 సౌత్ కరోలినా పోలింగ్‌కి ముందురోజు వరకు తెలిసిన విషయాలే వాడాలి, ఆ తర్వాతది ఒక్క ముక్క కూడా రాకూడదు. మొదటి పేరా అవతలి అభ్యర్థి బలమైన పాయింటుతో మొదలవ్వాలి, అది చదివి ఆయన అభిమాని "అవును, మేం చెప్పేది ఇదే" అనాలి. "గెలుస్తాడు" అన్న మాట కనిపిస్తే ఆ పేజీ వెనక్కి పంపిస్తా. అమెరికాలో సిటిజన్‌షిప్ ఉండి నిజంగా ప్రైమరీలో ఓటేసేవాళ్ళు మూడో పేజీ కూడా రాయండి, మీ రాష్ట్రంలో ఈమధ్య జరిగిన ఏదో ఒక ప్రైమరీ మీద, ఇవే షరతులతో.