ఇజ్రాయెల్‌లో ఫిల్లింగ్ చాక్లెట్లు దిగుమతి చేసి అమ్మడం ఎలా?

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇజ్రాయెల్‌కు చాక్లెట్ తీసుకెళ్లాలంటే కోషర్ (యూదుల ఆహార నియమాలకు సరిపడేది) అన్న సర్టిఫికెట్ ఉండి తీరాలని చట్టం చెప్పదు. ఆ షరతు దిగుమతి మాంసానికి ఉంది. అయితే సర్టిఫికెట్ లేకుండా డబ్బా మీద ‘కోషర్’ అని రాస్తే 1983లో వచ్చిన కోషర్ మోసాల నిరోధక చట్టం కింద నేరం. ఇక వ్యాపారం సంగతంటారా, సర్టిఫికెట్ లేని సరుకు ముట్టని పెద్ద సూపర్‌మార్కెట్లే ఎక్కువ. చిన్న షాపుల్లో అమ్ముకోవచ్చు కానీ దానికోసం కంటైనర్ తెప్పించడం దండగ.

1. ఫిల్లింగ్‌లో ఏముందో పూర్తిగా రాయించుకోండి

పేచీ వచ్చేది పైనున్న చాక్లెట్‌తో తక్కువ, లోపలి క్రీముతోనే ఎక్కువ. తయారీదారుడి దగ్గర పదార్థాల జాబితాతో పాటు ఆ పదార్థాలు దేంతో తయారయ్యాయో కూడా అడగాలి. కాన్యాక్, బ్రాందీ ద్రాక్ష నుంచి వస్తాయి. ద్రాక్ష సారాయికి కోషర్ నియమాలు చాలా కఠినం కాబట్టి కాన్యాక్ ట్రఫుల్ దాదాపు మొదట్లోనే ఆగిపోతుంది. రమ్‌తో ఇబ్బంది తక్కువే, కానీ దాన్నీ తనిఖీ చేస్తారు. జెలటిన్ ఏ జంతువుదో తెలియాలి. ఎర్ర రంగు కోసం వాడే ఈ120 పురుగుల నుంచి తీసేది, కుదరదు. కొవ్వు, నీరు విడిపోకుండా వేసే ఈ471ది ఇంకో తలనొప్పి. అది పామాయిల్‌తోనూ చేస్తారు, జంతువుల కొవ్వుతోనూ చేస్తారు, నంబరు చూస్తే తేడా తెలియదు.

మన దేశపు సరుకైతే ‘ఆకుపచ్చ చుక్క ఉందిగా’ అని ధీమాగా ఉండకండి. శాకాహారం అన్నంత మాత్రాన కోషర్ అయిపోదు. ద్రాక్ష నియమం, యంత్రాల నియమం విడిగా ఉన్నాయి.

2. పాలదా, పార్వేనా? తేల్చుకోండి

నన్నడిగితే లాభనష్టాలు తేలేది ఇక్కడే. మేకపిల్లను తల్లిపాలలో వండకూడదన్న బైబిల్ నిర్గమకాండపు ఆజ్ఞ నుంచి మాంసం, పాలు కలపకూడదన్న నియమం వచ్చింది. మాంసం తిన్నాక పాల పదార్థం ముట్టుకోవడానికి చాలామంది 6 గంటలు ఆగుతారు. శుక్రవారం రాత్రి సబ్బాతు (యూదుల వారపు విశ్రాంతి దినం) భోజనంలో సాధారణంగా మాంసం ఉంటుంది. ఆ ఇంటికి మిల్క్ చాక్లెట్ డబ్బా పట్టుకెళ్తే ఆ పూట ఎవరూ తెరవరు. పాలూ మాంసమూ రెండూ లేనిదాన్ని పార్వే అంటారు. పార్వే డబ్బా అయితే భోజనం అవగానే బల్ల మీదికి వస్తుంది.

కానీ పాలు పోయని డార్క్ చాక్లెట్ అంతా పార్వే కాదు. అదే తయారీ లైన్‌లో అంతకుముందు మిల్క్ చాక్లెట్ నడిచి ఉంటే ఆ పాల ప్రభావం యంత్రానికి ఉన్నట్టే. మామూలు వంటపాత్రల్లా మరిగే నీళ్లతో శుద్ధి చేద్దామా అంటే తడి తగిలితే చాక్లెట్ గడ్డకట్టి పాడవుతుంది. అందుకే చాక్లెట్ ఫ్యాక్టరీలు లైన్‌ను నీళ్లతో కడగడానికి ఇష్టపడవు. పార్వే కావాలంటే విడి లైన్ ఉన్న ఫ్యాక్టరీని వెతుక్కోవడమే సులువు. గోదావరి జిల్లాల కోకోతో డార్క్ చాక్లెట్ చేసే మనవాళ్లకు ఇక్కడ అవకాశం ఉంది.

పాలదే అమ్మాలనుకుంటే ఇంకో ప్రశ్న ఉంది. యూదుల పర్యవేక్షణ లేకుండా పితికిన పాల పొడి వాడితే, ఆ విషయం లేబుల్ మీద రాయించి ముఖ్య రబ్బీల (యూదు మతగురువుల) కార్యాలయం అనుమతిస్తుంది. బ్నే బ్రాక్ లాంటి చోట్ల ఉండే కఠిన నిష్ఠాపరులు మాత్రం దాన్ని కొనరు.

3. సర్టిఫికెట్, అనుమతులు

తయారయ్యే దేశంలో ఓయూ, స్టార్-కె లాంటి పేరున్న సంస్థ తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తుంది. తర్వాత దాన్ని ఇజ్రాయెల్ ముఖ్య రబ్బీల కార్యాలయంలోని దిగుమతి విభాగం ఆమోదించాలి. సర్టిఫికెట్ మీది ఫ్యాక్టరీ, సరుకు పేరు, గడువు మీ ఇన్‌వాయిస్‌తో అచ్చంగా సరిపోవాలి. ఆరోగ్య శాఖ దగ్గర నమోదు, కస్టమ్స్ పనులు అక్కడి దిగుమతిదారు చూసుకుంటాడు. వ్యాట్ 2025 జనవరి నుంచి 18 శాతం, ధర వేసేటప్పుడు మరిచిపోవద్దు.

4. డబ్బా డిజైన్

హీబ్రూ లేబుల్ తప్పనిసరి. 100 గ్రాములకు చక్కెర 10 గ్రాములు, సంతృప్త కొవ్వు 4 గ్రాములు దాటితే ముందువైపు ఎర్ర గుర్తులు పెట్టాలి. ఫిల్లింగ్ చాక్లెట్‌కు దాదాపు ఎప్పుడూ రెండూ పడతాయి. ముందే చోటు వదలకపోతే బంగారు రంగు గిఫ్ట్ డబ్బా మీద స్టిక్కర్లు అతికించాల్సి వస్తుంది, చూడ్డానికి బాగోదు. ఇజ్రాయెల్ కోడ్ అయిన 729తో మొదలయ్యే బార్‌కోడ్‌కూ కోషర్‌కూ సంబంధం లేదు.

5. ఎండ, పండగలు చూసి సరుకు పంపండి

కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. 15–18 డిగ్రీల రీఫర్ (చల్లగా ఉంచే) కంటైనర్, లోపల ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం పెట్టించండి. సెప్టెంబర్–అక్టోబర్‌లో యూదుల కొత్త సంవత్సరంతో మొదలయ్యే పండగలు దాదాపు మూడు వారాలు సాగుతాయి, ఆఫీసు పనులు నత్తనడక నడుస్తాయి. గిఫ్ట్ డబ్బాలు ఆగస్టులోనే అష్దోద్ లేదా హైఫా రేవుకు చేరాలి. అంటే మంచి ఎండల్లో.

తర్వాతి పెద్ద సీజన్ పూరీము. ఇళ్లకు తినుబండారాలు పంపుకునే పండగ కాబట్టి చాక్లెట్లు బాగా పోతాయి. సరిగ్గా నెలకు పస్కా, పులిసే ధాన్యపు పదార్థాలు నిషిద్ధమైన పండగ. వేఫర్, బిస్కెట్ పొడి, మాల్ట్ ఉన్నవేవీ ఆ ఏడు రోజులూ తినకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. అందుకే పూరీము అయ్యాక వేఫర్ చాక్లెట్ కొనేవారు తగ్గిపోతారు. పస్కాకు అమ్మాలంటే ప్రత్యేక సర్టిఫికెట్ కావాలి. కార్న్ సిరప్ ఉన్నవాటిని అష్కెనాజీ (ఐరోపా మూలాలున్న) యూదులు చాలామంది అప్పుడు తినరు.

గోడౌన్‌లో వేఫర్ సరుకు మిగిలితే? యూదుడైన యజమాని పస్కాకు ముందే దాన్ని పద్ధతి ప్రకారం యూదేతరుడికి అమ్మినట్టు పత్రం రాయించాలి. అది లేకపోతే పండగ తర్వాత కూడా ఆ సరుకు నిషిద్ధమే, షాపులు ఆ పత్రం అడుగుతాయి. సరుకు అప్పటికి ఇంకా మీ పేరు మీదే ఉండి, మీరు యూదులు కాకపోతే ఈ గొడవ లేదు. కాబట్టి వసంతకాలపు ఆర్డర్లలో యాజమాన్యం ఏ తేదీన చేతులు మారుతుందో ఒప్పందంలోనే రాసుకోండి.