నెల్లూరు, ఒంగోలులో కొత్త ఇల్లు: గ్రీన్ నిబంధనలకు తగ్గట్టు ప్లాన్ గీయించుకోవడం ఎలా?

ఇల్లు చల్లగా ఉండటం, బోరులో నీళ్లు నిలవడం చాలావరకు ప్లాన్ కాగితం మీదే తేలిపోతాయి. పిల్లర్లు లేచాక కిటికీ పెంచమంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే శంకుస్థాపన ముహూర్తానికి ముందే ఈ లెక్కలు చూసుకోండి.

ముందు స్థలం కొలత

నెల్లూరులో స్థలం అంకణాల్లో చెబుతారు, ఒంగోలు వైపు గజాల్లోనో సెంట్లలోనో. నిబంధనలు మాత్రం చదరపు మీటర్లలో ఉంటాయి. దస్తావేజులోని కొలతల్ని ముందు మీటర్లలోకి మార్చుకోండి. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం (2002) ఇంకుడు గుంతల విషయంలో 200 చదరపు మీటర్లను కనీస హద్దుగా పెట్టింది, అంటే దాదాపు 239 గజాలు. ఇంధన పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితను (ఇళ్లలో కరెంటు ఆదాకు రాసిన నిబంధనలు) 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలాల్లోని నివాస భవనాల కోసం రాశారు. మామూలు సొంతింటికి అది వర్తించకపోవచ్చు. అయినా దాని లెక్కలు వాడుకుంటే లాభమే.

కిటికీలు

మన తీరప్రాంతం ఉక్కపోతకు పెట్టింది పేరు. ఇలాంటి వాతావరణానికి సంహిత చెప్పేది ఇదీ: గాలి కోసం తెరుచుకునే భాగం మొత్తం, ఇంటి కార్పెట్ ఏరియాలో (బయటి గోడలు పోను లోపలి వైశాల్యంలో) కనీసం ఆరో వంతు ఉండాలి. 12 అడుగులకు 10 అడుగుల గదికి ఇదే లెక్క వేస్తే 20 చదరపు అడుగులు. ఐదడుగులకు నాలుగడుగుల కిటికీ పెడితే సరిపోయిందనుకుంటాం. కానీ అది రెండు పలకల స్లైడింగ్ అయితే తెరుచుకునేది సగమే, లెక్కకొచ్చేది 10 చదరపు అడుగులే. షోరూములో ఈ మాట ఎవరూ చెప్పరు. రెక్కల కిటికీలే పెట్టించండి, లేదా ఎదురు గోడకు మరో కిటికీ ఇవ్వండి.

పడమర గోడకు కిటికీలు తగ్గించి, ఉన్నవాటికి వెడల్పాటి సన్‌షేడ్ వేయించండి. నైరుతి బరువుగా, మూసి ఉండాలనే వాస్తు పెద్దల మాట ఇక్కడ సంహితతో బాగానే కలుస్తుంది. పెద్దాయనతో పేచీ ఉండదు.

డాబా

రోహిణి కార్తెలో పైఅంతస్తు ఉడికిపోయేది స్లాబు వల్లే. పైకప్పు యూ-వాల్యూ, అంటే వేడి లోపలికి దిగే రేటు, 1.2కు మించకూడదని సంహిత అంటుంది. ఉత్త కాంక్రీటు స్లాబుకు అది మూడు దాటుతుంది. అంగుళం మందం ఎక్స్‌పీఎస్ షీట్ (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక) పరిచి, పైన వెదరింగ్ కోర్సు (ఎండావానల నుంచి కాపాడే పొర), తెల్ల టైల్స్ వేస్తే హద్దులోకి వస్తుంది. తెల్ల పెయింటు ఎండను వెనక్కి కొడుతుంది కానీ ఈ అంకెను మార్చదు. డబ్బులుంటే రెండూ చేయండి, లేకపోతే పెయింటుతోనైనా మొదలుపెట్టండి.

గోడలకు ఫ్లై యాష్ ఇటుకలు (థర్మల్ కేంద్రాల బూడిదతో చేసేవి) చూడండి. కృష్ణపట్నం దగ్గరే థర్మల్ కేంద్రం ఉంది కాబట్టి బూడిదకు లోటు లేదు.

ఇంకుడు గుంత

మనకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 4,600 లీటర్లు. అది కాలువలో కలవకుండా డౌన్ పైపుల్ని గుంతకు కలపండి. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో కంకర, పైన ఇసుక వేయించండి. తొలి వాన మురికి బయటికి పోయేలా ఒక వాల్వు పెట్టించండి. పునాదికీ సెప్టిక్ ట్యాంకుకీ దూరంగా తవ్వించండి. సముద్రం దగ్గరి ఊళ్లలో వానాకాలం భూగర్భ నీరు పైకే వస్తుంది, అక్కడ లోతు తక్కువ చాలు. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ బెడద ఉంది కాబట్టి, వాన నీటికి విడిగా ఒక సంపు కూడా కట్టుకుంటే మేలు.

ఇంటి చుట్టూ ఖాళీ జాగా (సెట్‌బ్యాక్) ఎంత వదలాలో స్థలాన్ని, ఎత్తును బట్టి ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017 చెబుతాయి. వదిలినదంతా టైల్స్‌తో కప్పేయకండి.

సోలార్‌కు చోటు

ఇళ్ల డాబాలపై సోలార్‌కు కేంద్రం ఇచ్చే పథకం పీఎం సూర్య ఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. దానికి సుమారు 300 చదరపు అడుగుల నీడ లేని జాగా కావాలి. వాటర్ ట్యాంకు నైరుతిలో ఉంటే మధ్యాహ్నం దాటాక నీడ ఈశాన్యం వైపు సాగుతుంది. ప్యానెళ్లను దక్షిణ అంచుకు జరపండి. డాబా నుంచి మీటరు దాకా ఒక పైపును ఇప్పుడే గోడలో వేయించండి.

ఇవన్నీ ప్లాన్‌లో గీయించి, లైసెన్స్ ఉన్న ఇంజినీరు ద్వారా ఆన్‌లైన్‌లో అనుమతికి పెట్టండి. ఇంకుడు గుంతను నింపకముందు, నింపాక ఫోటోలు తీసి ఉంచండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇల్లు ప్లాన్ ప్రకారం పూర్తయిందని ఇచ్చే పత్రం) అడిగే రోజున టెన్షన్ ఉండదు.