ఉగాది దాటాక చెరువులో కొర్రమీనుకు గాలం ఎలా వేయాలి?

హిమాచల్, కాశ్మీర్ ఏర్లలో ఈకలతో చేసిన ఉత్తుత్తి ఈగను నీళ్ల మీద ఆడించి ట్రౌట్ చేపను పడతారు. చన్నీళ్ల చేప అది, మన ఎండలకు బతకదు. అదే ఆటను వరంగల్, ములుగు చెరువుల్లో రబ్బరు కప్పతో కొర్రమీను మీద ఆడొచ్చు. యాసంగి వరికి తూము వదిలి నీళ్లు తగ్గే మార్చి, ఏప్రిల్ నెలలు ఇందుకు అనువైనవి.

ముందు అడగాలి. చాలా ఊళ్లలో చెరువు చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘానిది. "కాకా, పొద్దున ఒక గంట గాలం ఏసుకుంటనే" అని సంఘం పెద్దమనిషికి చెప్పి వెళ్తే ఏ టెన్షన్ ఉండదు. పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది కాబట్టి అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా రాడ్ బయటికి తీయొద్దు.

సామాను ఎక్కువేం అక్కర్లేదు. 7 అడుగుల గట్టి రాడ్, రీల్, 30 నుంచి 40 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన) దారం చాలు. సన్న నైలాన్ తీగ తామర కాడల్లో పడితే తెగుతుంది. రబ్బరు కప్పకు రెండు గాలపు ముళ్లు పైకి తిరిగి వీపుకు ఆనుకుని ఉంటాయి. అందుకే ఆకుల మీద లాగినా చిక్కుకోవు, చేప నోట్లో నొక్కుకున్నప్పుడే బయటపడతాయి. బతికున్న కప్పను గుచ్చే అలవాటు మాత్రం వద్దు. కొన్ని కప్పలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, పైగా అది చూడలేని పని.

ఎండ ముదరకముందే, ఆరింటికల్లా కట్ట మీద ఉండండి. వెంటనే గాలం విసరకండి. అసలు పని చూడటమే. కొర్రమీను మొప్పలతో పాటు గాలి కూడా పీల్చే చేప, అందుకని మధ్యమధ్యలో పైకి రాక తప్పదు. తామరాకుల సందులో, తుంగ అంచున నీళ్లు గుబుక్కుమని, చిన్న సుడి తిరిగి, వెనకాలే రెండు మూడు బుడగలు తేలితే అదే. రవ్వ, బొచ్చె ఎగిరితే చప్పుడు పెద్దగా ఉంటుంది, దానికి ఆశపడి పరిగెత్తొద్దు. మీ నీడ నీళ్ల మీద పడకుండా చూసుకోండి. అడుగులు మెత్తగా వేయండి, గట్టు అదిరితే చేప కిందికి జారుకుంటుంది.

చోటు తెలిశాక కప్పను సరిగ్గా దాని నెత్తిన వేయకండి. రెండు గజాలు అవతలికి విసిరి ఆకుల మీదుగా లాక్కురండి. రెండు చిన్న గుంజుళ్లు, ఒక ఆగుడు. ఆకుల మధ్య ఖాళీ నీళ్లు వచ్చినచోట ఇంకాస్త ఎక్కువసేపు ఆపండి. చాలాసార్లు దెబ్బ అక్కడే పడుతుంది.

చప్పుడు వినగానే చెయ్యి తనంతట తానే రాడ్‌ను గుంజుతుంది. చాలామందికి చేప పోయేది ఇక్కడే. కొర్రమీను కప్పను మింగి తల తిప్పుకోవాలి. మనసులో ఒకటి, రెండు అనుకుని, దారం బిగిశాక బలంగా పైకి లాగండి. తర్వాత జాలి చూపొద్దు, రీల్ ఆపకుండా తిప్పాలి. తుంగ వేళ్లలోకి దూరిందంటే మీకు దారమే మిగులుతుంది. చిక్కుకున్న కప్ప కోసం నీళ్లలోకి మాత్రం దిగొద్దు. మట్టి తవ్విన గుంతలు పైకి కనబడవు.

చేప పళ్లు పదునుగా ఉంటాయి, గాలపు ముల్లు ప్లయర్‌తోనే తీయండి. అరకిలో లోపుదాన్ని వదిలేయడం మంచిది. వానలు మొదలయ్యాక ఎర్రటి పిల్లల గుంపు నీళ్ల పైన కనిపిస్తే, అక్కడ గాలం వేయొద్దు. ఆ గుంపు కింద పెద్ద చేపలు కాపలా ఉంటాయి, వాటిని పడితే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి.

పట్టిన చేపను తడి గోనె సంచిలో వేసి మూతి కట్టండి. బకెట్ అయితే మూత మీద రాయి పెట్టాలి. నీళ్లు లేకున్నా చాలాసేపు బతుకుతుంది, సందు దొరికితే గట్టు దిగి చెరువులోకి పాకుతుంది. ఇంటికెళ్లాక కల్లుప్పుతోనో బూడిదతోనో రుద్దితే జిగురు పోతుంది, అప్పుడే కత్తి కింద నిలుస్తుంది.