పాత జూనో-106: మీరే విప్పాలా, రిపేరుకు ఇవ్వాలా?

రోలండ్ కంపెనీ సింథసైజర్ జూనో-106 వచ్చింది 1984లో. నలభై ఏళ్లు దాటిన వాయిద్యం కాబట్టి, బాగా మోగుతున్న పీసుకైనా ఏదో ఒక పని ఉంటుంది. అది మీరు చేయగలిగిన పనేనా అన్నది జబ్బు ఎక్కడుందో తెలిశాకే తేల్చుకోండి. ఒక్క స్క్రూ విప్పకుండానే సగం తెలిసిపోతుంది.

ప్లగ్ పెట్టే ముందు వెనక రాసి ఉన్న వోల్టేజి చూడండి. జపాన్ నుంచి తెప్పించినదైతే 100 వోల్టులు ఉంటుంది. మన 230కి నేరుగా పెడితే పవర్ సప్లై కాలిపోతుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి.

తర్వాత కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేయండి. ఇది టెస్ట్ మోడ్. ఒక్కో మెట్టు (కీ) నొక్కుతుంటే ఆరు వాయిస్‌లలో, అంటే ఒక్కో స్వరాన్ని పలికించే ఆరు సర్క్యూట్లలో, ఏది పలుకుతోందో డిస్‌ప్లేలో అంకె కనిపిస్తుంది. ఆరూ ఒకేలా మూగబోతే లేదా గరగరలాడితే లోపం పవర్ సప్లైలోనో, శబ్దాన్ని నిండుగా చేసే, ఆరింటికీ ఉమ్మడిగా ఉన్న కోరస్ భాగంలోనో వెతకాలి. కోరస్ వేసినప్పుడు సన్నగా వినిపించే బుసను మాత్రం జబ్బు అనుకోకండి, దాని స్వభావమే అంత. ఒక్క అంకె దగ్గరే తేడా ఉంటే ఆ వాయిస్ చిప్‌ను అనుమానించాలి.

ఇక్కడ తొందరపడి చిప్ పీకేయకండి. ముందు ప్యానెల్ మీద సా, పల్స్ తరంగాల బటన్లు ఆపేసి, సబ్, నాయిస్ స్లయిడర్లు సున్నాకు దించి, ఫిల్టర్ రెజొనెన్స్ స్లయిడర్ పూర్తిగా పెంచండి. ఫిల్టర్ ఈలలా కూసిందంటే ఆ వాయిస్‌లో ఫిల్టర్‌నూ, శబ్దం హెచ్చుతగ్గులనూ చూసే 80017ఏ చిప్ బాగానే ఉన్నట్టు. అప్పుడు తప్పు తరంగాన్ని పుట్టించే ఎంసీ5534ఏ చిప్‌ది. అది ఒక్కోటి రెండు వాయిస్‌లకు పనిచేస్తుంది కనుక రెండింటిలో తేడా కనిపించడం కూడా దానికి గుర్తే. ఈల రాకపోయినా, మెట్టు వదిలాక కూడా శబ్దం కారుతూనే ఉన్నా 80017ఏ పోయినట్టే.

80017ఏ ఎందుకు పోతుందంటే, దాని మీద పోసిన నల్లటి ఎపాక్సీ పూత ఏళ్లు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా కరెంటును లీకు చేస్తుంది. చిప్‌ను బోర్డు నుంచి ఊడదీసి, మూత ఉన్న గాజు సీసాలో అసిటోన్ పోసి రెండు మూడు రోజులు నానబెడితే పూత మెత్తబడి పొరలుగా ఊడుతుంది. గోరుతోనో కత్తితోనో గీకితే పూతతోపాటు కింది సన్నటి భాగాలూ లేచిపోతాయి. కొన్ని చిప్‌లు ఇంత చేసినా కోలుకోవు. వాటి స్థానంలో పెట్టడానికి కొత్తగా తయారుచేసిన చిప్‌లు దొరుకుతాయి. అసిటోన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, స్లయిడర్ల దరిదాపులకు రానివ్వకండి.

అసలు కష్టం నానబెట్టడంలో లేదు, ఊడదీయడంలో ఉంది. కాళ్లన్నీ ఒకే వరుసలో ఉంటాయి. టంకం పూర్తిగా పీల్చకముందే లాగితే బోర్డు మీది రాగి గీత చిప్‌తోపాటే లేచి వస్తుంది. పాడైన డీవీడీ ప్లేయర్ బోర్డు మీద సాధన చేయండి. సోల్డరింగ్ ఐరన్ 350 డిగ్రీల దగ్గర పెట్టి, ఒక్కో కాలికి మూడు సెకన్లు మించకుండా, రాగి లేవకుండా ఇరవై కాళ్లు వరుసగా విడిపించగలిగితే జూనో మీద చేయి వేయండి. లేకపోతే ఆ ఒక్క పనీ తెలిసినవారికి ఇవ్వడమే మంచిది. చిప్ మార్చాక బోర్డు మీది ట్రిమ్మర్లు (సర్దుబాటు చేసే చిన్న స్క్రూలు) సరిచేయాలి, అందుకు సర్వీస్ మాన్యువల్, తరంగాలను తెరమీద చూపే ఆసిలోస్కోప్ కావాలి.

పవర్ సప్లై జోలికి మాత్రం కొత్తవాళ్లు వెళ్లొద్దు. స్విచ్ ఆపినా, ప్లగ్ తీయనంతవరకు లోపల మెయిన్స్ (గోడ ప్లగ్ నుంచి వచ్చే కరెంటు) ఉంటుంది.

మిగతావి ఇంట్లో చేసుకోదగ్గ పనులే. స్లయిడర్ గరగరకు ఫేడర్ల కోసం అమ్మే క్లీనర్ వాడండి, మామూలు డబ్ల్యూడీ-40 వద్దు. పలకని మెట్ల కింది రబ్బరు కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మెమరీ బ్యాటరీ సీఆర్2032, బోర్డుకు టంకం వేసి ఉంటుంది. 2.8 వోల్టుల కంటే తగ్గితే మార్చండి, మార్చేటప్పుడు హోల్డర్ పెడితే మళ్లీ టంకం అవసరం రాదు. బ్యాటరీ తీస్తే 128 ప్యాచ్‌లూ (దాచుకున్న శబ్దాల సెట్టింగులు) చెరిగిపోతాయి, ముందే టేప్ సేవ్ జాక్ నుంచి కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి.

ఇంకా కొనని వాళ్లయితే, టెస్ట్ మోడ్‌లో ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు కనిపిస్తూ ప్రతి వాయిస్ వినిపించేలా తీసిన వీడియో అమ్మేవారిని అడిగి తీసుకోండి.