ఏసీ నుంచి గదిలోకి నీళ్లు కారుతుంటే ఏం చేయాలి?

గోడకున్న ఏసీ కింద చుక్కలు పడటం మొదలవగానే ఇంట్లో వినిపించే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయినట్టుంది." చాలావరకు దానికీ గ్యాస్‌కీ సంబంధం ఉండదు. ఫిల్టర్లో దుమ్మో, డ్రెయిన్ పైపులో మురికో అడ్డుపడి ఉంటుంది. ఆ రెండూ మెకానిక్ రాకముందే మనం చూసుకోగలిగినవే.

ముందు ఆ నీళ్లు ఎక్కడివో తెలియాలి. గదిలోని తేమ గాలి ఇండోర్ యూనిట్‌లోని చల్లటి కాయిల్‌ను తాకగానే అందులోని ఆవిరి నీరుగా మారుతుంది. ఆ నీరు కాయిల్ కిందున్న ట్రేలోకి దిగి, డ్రెయిన్ పైపులోంచి బయటికి పోతుంది. మామూలు స్ప్లిట్ ఏసీలో దీనికి మోటారంటూ ఏదీ ఉండదు, అంతా వాటం మీదే నడుస్తుంది. బాగా ఉక్కగా ఉన్న రోజున గంటకు లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే వస్తుంది. దారిలో ఎక్కడ అడ్డుపడినా ట్రే నిండి గదిలోకి పొర్లుతుంది.

1. కరెంటు ఆపండి

రిమోట్‌తో ఆపితే సరిపోదు. కరెంటు బోర్డులో ఏసీకి విడిగా ఉండే ఎంసీబీ (బ్రేకర్ స్విచ్చు) దించేయండి. కింద మంచం, టీవీ, ఎక్స్‌టెన్షన్ బోర్డు లాంటివి ఉంటే పక్కకు జరిపి బకెట్ పెట్టండి.

2. ఫిల్టర్ తీసి చూడండి

ముందు మూత పైకెత్తితే వలలాంటి ఫిల్టర్లు కనిపిస్తాయి. ఒకటి తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అవతలి వెలుగు సరిగా కనబడకపోతే గాలి కూడా సరిగా పోవడం లేదన్నమాట. మామూలు నీళ్ల ధార కింద, దుమ్ము లేని వైపు నుంచి కడగండి. వేడినీళ్లు పోస్తే ఫ్రేమ్ వంగిపోతుంది. నీడలో పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టండి. ఏసీ రోజూ వాడే ఇంట్లో రెండు వారాలకోసారి ఈ పని తప్పదు.

3. కాయిల్‌పై మంచు ఉందా?

ఫిల్టర్ తీసినప్పుడే టార్చి వేసి లోపల చూడండి. కాయిల్ మీద తెల్లగా మంచు కట్టి ఉంటే దాన్ని చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకొద్దు. ఆ అల్యూమినియం రేకుల మధ్య నుంచే రాగి గొట్టాలు వెళ్తాయి. వాటికి చిన్న చిల్లు పడినా గ్యాస్ అంతా పోతుంది, ఖర్చు అప్పుడు మొదలవుతుంది. కిందంతా పాత తువ్వాళ్లు పరిచి రెండు మూడు గంటలు వదిలేయండి, దానంతటదే కరుగుతుంది. తొందరగా ఉంటే శుభ్రమైన ఫిల్టర్ పెట్టి, ఎంసీబీ వేసి, కూలింగ్ లేకుండా ఫ్యాన్ మోడ్‌లో నడపండి.

మంచు ఎందుకు కడుతుందంటే, కాయిల్ మీదుగా చాలినంత గాలి వెళ్లకపోతే దాని చల్లదనం గదిలోకి చేరదు. కాయిల్ ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి జారి, దానిపై పడ్డ తేమ గడ్డకడుతుంది. ఏసీ ఆపాక అదంతా ఒక్కసారిగా కరుగుతుంది. ఏసీ ఆపేసిన తర్వాతే నీళ్లు ఎక్కువ కారుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

4. డ్రెయిన్ పైపు శుభ్రం చేయండి

అసలు కథ ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ఏసీ నడుస్తున్నప్పుడు డ్రెయిన్ పైపు బయటి కొస దగ్గర నీళ్లు పడుతున్నాయో లేదో చూడండి. ఉక్కగా ఉన్న రోజు అరగంట నడిచినా అక్కడ చుక్క పడకుండా గదిలో మాత్రం కారుతుంటే, దారి మూసుకుపోయినట్టే.

మళ్లీ ఎంసీబీ దించి, కొస ఎలా ఉందో చూడండి. నీళ్లున్న బకెట్లో మునిగి ఉందా? మధ్యలో ఎక్కడైనా పైకి లేచి కిందికి దిగుతోందా? ఎవరైనా దాని మీద కుండీ పెట్టారా? చాలా ఇళ్లలో తప్పు ఇంత చిన్నదే. కొస గాలిలో ఉండాలి, పైపు మొదటి నుంచి చివరి దాకా కిందికే దిగాలి.

అవన్నీ బాగానే ఉంటే లోపల పేరుకున్నది లాగేయాలి. తడిని కూడా పీల్చే వాక్యూమ్ క్లీనర్ దొరికితే అంతకంటే మంచిది లేదు. దాని గొట్టాన్ని పైపు కొసకు ఆనించి, చుట్టూ తడిగుడ్డ బిగించి ఒకటి రెండు నిమిషాలు లాగండి. ముందు గాలి శబ్దం వస్తుంది, తర్వాత నల్లటి జిగురు ముద్ద ఒక్కసారిగా వచ్చిపడుతుంది, దాని వెనకే ట్రేలో ఆగిన నీళ్లు. వాసన బాగుండదు, ముందే చెప్తున్నా. బయటి నుంచి గట్టిగా గాలి ఊదడం మాత్రం వద్దు. మురికి తిరిగి ట్రేలోకి పోతుంది, లోపల పైపు జాయింటు ఊడినా ఊడుతుంది.

తర్వాత ఫిల్టర్లు తీసి, కాయిల్ మీద నెమ్మదిగా ఒక గ్లాసు నీళ్లు పోయండి. వైర్లు, బోర్డు ఉన్న వైపు పోయకూడదు. ఆ నీళ్లు బయట ధారగా వస్తే దారి తెరుచుకున్నట్టే. బ్లీచింగ్, యాసిడ్ జోలికి పోవద్దు, కాయిల్ రేకులు తినేస్తాయి.

5. యూనిట్ వాలు చూడండి

రసమట్టం (వాలు చూసే స్పిరిట్ లెవెల్) ఉంటే ఇండోర్ యూనిట్‌పై పెట్టి చూడండి. డ్రెయిన్ పైపు ఉన్న వైపుకు ఎదురు వైపు వాలి ఉంటే, పైపు ఎంత శుభ్రంగా ఉన్నా నీళ్లు మూలన నిలిచి కారతాయి. కొత్తగా బిగించిన ఏసీ మొదటి వారంలోనే కారిందంటే బిగింపులోనే తప్పు ఉందనుకోవచ్చు. బిగించినవాళ్లనే పిలిపించండి.

6. ఇన్ని చేసినా ఆగకపోతే

రాగి పైపుల మీది నల్ల స్పాంజి తొడుగు చిరిగితే చల్లటి పైపుకు చెమట పట్టి గోడ తడుస్తుంది. కొత్త తొడుగు వేస్తే సరి.

ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా మంచు మళ్లీ కడుతుంటే, అప్పుడు గ్యాస్‌ను అనుమానించండి. ఔట్‌డోర్ యూనిట్ దగ్గర సన్నటి రాగి పైపుకు మంచు పట్టడం, నట్ల చుట్టూ నూనె జిడ్డు కనిపించడం దానికి గుర్తులు. గ్యాస్ పెట్రోలులా వాడుకకు తరిగిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది, తగ్గిందంటే ఎక్కడో లీకుంది. ఏటా గ్యాస్ నింపించుకోవాలనే మాట నమ్మకండి. మెకానిక్ వస్తే లీకు వెతికి మూయమని, లోపలి గాలిని వాక్యూమ్ పంపుతో తీసేశాకే నింపమని, ఎంత నింపుతున్నారో తూకం వేసి చూపమని అడగండి. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది ఔట్‌డోర్ యూనిట్ మీది స్టిక్కర్‌లో రాసి ఉంటుంది. అది ఆర్-32 అయితే దానికి కొంత మండే గుణం ఉంది కాబట్టి, పని జరుగుతున్నంతసేపు కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి.