క్వాజార్ గ్యాస్ ప్రవాహం మారిందా? రెండు వర్ణపటాలతో తేల్చే పద్ధతి

నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు కోసం వెతికేవాళ్ళకి ఇది టెలిస్కోపు లేకుండా అయ్యే పని. నవంబరు ముసురు ఎన్నాళ్ళు పట్టినా ఆగదు. స్లోన్ డిజిటల్ స్కై సర్వే డేటా ఉచితం, ‘లైట్’ ఫైలు ఒక్కోటి ఒక ఎంబీ కూడా ఉండదు. పైథాన్, దాని ఖగోళ లైబ్రరీ ఆస్ట్రోపై చాలు.

క్వాజార్ అంటే భారీ కృష్ణబిలం చుట్టూ వెలిగే దూరపు గెలాక్సీ కేంద్రం. దాని వర్ణపటంలో గ్యాస్ కాంతిని మింగిన చోట వెడల్పాటి శోషణ పల్లాలు ఉండి, రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎరుపు వైపు సాగిన మేర) 1.9–3 మధ్య ఉన్నదాన్ని ఎంచుకోండి. పాత స్లోన్ వర్ణపటం ఒకటి, 2009–14 నాటి బాస్ (స్లోన్‌లోనే తర్వాతి సర్వే) వర్ణపటం ఒకటి ఉంటే మేలు. చూడాల్సింది 1549 ఆంగ్‌స్ట్రామ్‌ల కార్బన్-4 (మూడు ఎలక్ట్రాన్లు పోయిన కార్బన్) రేఖ. రెడ్‌షిఫ్ట్ 2 అయితే అది 4647 దగ్గర కనిపిస్తుంది. సెకనుకి 10,000 కి.మీ. వేగంతో మనవైపు దూసుకొచ్చే గ్యాస్ పల్లం 4494 దగ్గర పడుతుంది.

ఫైల్లో ‘ఐవర్’ (కొలత లోపం వర్గానికి విలోమం) సున్నా ఉన్న పిక్సెళ్ళు తీసేయండి. 5577 దగ్గర మన ఆకాశపు ఆక్సిజన్ రేఖ పూర్తిగా పోదు. రెడ్‌షిఫ్ట్ 2.7 క్వాజార్‌లో అది సెకనుకి 8,200 కి.మీ. వేగం దగ్గర పడి, లేని మార్పును చూపిస్తుంది.

అసలు తంటా కంటిన్యుయంతోనే, అంటే రేఖలు, పల్లాలు లేకపోతే ఉండే నున్నటి కాంతి మట్టంతోనే. ఒక వర్ణపటం లోంచి ఇంకోదాన్ని నేరుగా తీసేయొద్దు. బాస్‌లో నీలి కాంతి ఎక్కువ పట్టాలని క్వాజార్ల కాంతిని పట్టే ఫైబర్లను కాస్త జరిపారు, ప్రామాణిక నక్షత్రాలవి జరపలేదు. అందువల్ల నీలం వైపు ఫ్లక్స్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఫైబర్ వ్యాసం కూడా 3 నుంచి 2 ఆర్క్‌సెకన్లకి తగ్గింది. పైగా క్వాజార్ వెలుగే నిలకడగా ఉండదు. కాబట్టి దేని కంటిన్యుయంతో దాన్నే భాగించండి. తరంగదైర్ఘ్యాలను (1 + రెడ్‌షిఫ్ట్)తో భాగించాక 1250–1350, 1700–1800, 1950–2200 పరిధుల్లో పవర్ లా ఫిట్ చేసి, ఫిట్ నుంచి 3 సిగ్మా (కొలత లోపానికి మూడింతలు) దాటిన పిక్సెళ్ళు వదిలి మళ్ళీ చేయండి. పల్లం వేగం 20,000 కి.మీ. అయితే సిలికాన్-4 పల్లం 1308 దగ్గర, అంటే మొదటి పరిధి మధ్యలోనే పడుతుంది. ఆ ముక్కను చేత్తో తీసేయాల్సిందే.

భాగించాక ఫ్లక్స్ 0.9 కన్నా కిందికి దిగి, వేగంలో కనీసం సెకనుకి 2,000 కి.మీ. వెడల్పున తెగకుండా ఉన్నదే పల్లం. ఉద్గార రేఖను ఆనుకుని 3,000 కి.మీ. లోపు ఉన్నవి వద్దు, రేఖ మారినా పల్లం మారినట్టే కనిపిస్తుంది. (1 − ఫ్లక్స్/కంటిన్యుయం)ని పిక్సెల్ వెడల్పుతో గుణించి కూడండి. హద్దులు రెండు తేదీలకీ ఒకటే. రెండు మొత్తాల తేడాను, వాటి రెండు కొలత లోపాల వర్గాల మొత్తానికి వర్గమూలంతో భాగించండి. 3 దాటకపోతే మార్పు అనొద్దు. దాటినా, ఫిట్ పరిధులను కాస్త జరిపి మళ్ళీ చూడండి. జవాబు తలకిందులైతే మారింది గ్యాస్ కాదు, మీ ఫిట్.

రెండు వర్ణపటాల మధ్య వ్యవధిని (1 + రెడ్‌షిఫ్ట్)తో భాగించడం చాలామంది మరిచిపోతారు. రెడ్‌షిఫ్ట్ 2 దగ్గర మన పదేళ్ళు అక్కడ మూడేళ్ళ నాలుగు నెలలే.

వేర్వేరు వేగాల పల్లాలు కలిసికట్టుగా లోతు మారితే అయనీకరణ మారిందనుకోవచ్చు. ఒక్క ముక్కే మారితే గ్యాస్ మన చూపుకి అడ్డంగా కదిలి ఉండొచ్చు, కానీ అంతటితో రుజువైనట్టు కాదు. గ్యాస్ వెనకున్న కాంతి మూలాన్ని కొంత భాగమే కప్పితే, పల్లం సున్నాకి చేరకపోయినా రేఖ సంతృప్తమై, అంటే కప్పిన మేర కాంతినంతా మింగేసి ఉండొచ్చు. అప్పుడు అయనీకరణ కాస్త మారినా లోతు కదలదు. రెడ్‌షిఫ్ట్ 2.3 పైన ఉంటే 1118, 1128ల నుంచి అదే వేగం మేర జరిగిన చోట ఫాస్ఫరస్-5 పల్లం వెతకండి. కార్బన్ కన్నా ఎంతో అరుదైన ఆ మూలకమే కనిపించిందంటే కార్బన్-4 సంతృప్తమైనట్టే.